బండి బందు చేసే ముందు

రియాద్ గ్యారేజీలో పైకెత్తిన స్పోర్ట్స్ కారు కిందికి మెకానిక్‌గా పనిచేసే డ్రైవరు బామ్మర్ది దూరాడు. ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బో అరిగి ఉంటే కారు తుక్కుకు, డ్రైవరు ఎగ్జిట్ వీసా మీద ఇంటికి అని కారు యజమాని కఫీల్ తేల్చి చెప్పాడు. డ్రైవరు పక్కనే నిలబడి వంగి చూస్తున్నాడు.

“బావా! నాలుగు లక్షల కిలోమీటర్లు ఉరికిన బండేనా ఇది?”

“ఏమైందిరా, పోయిందా?”

“పోవుడేంది! టర్బో ఇరుసు పట్టి ఊపితే జర్రంత గూడ కదుల్తలేదు! ఏం జేసినవే?”

“టైంకు ఆయిల్ మార్పిచ్చిన. గంతే.”

“గది అందరు జేస్తరు. జోరుగ ఉరికిచ్చి, టర్బో కాలుతుండంగనే ఇంజన్ బందు జేస్తరు. గట్లనే ఖరాబైతది. నువ్వు రాంగనే బందు చెయ్యవా?”

“యాడ జేస్త? రూముల అందరుంటరు. ఏసీ పెట్టుకొని బండ్లనే కూసొని మీ అక్కకు ఫోన్ చేస్త. ఆమె లొల్లి ఒడిసినంకనే బందు.”

“రోజూనా?”

“ఒక్కరోజు తప్పితే ఊకుంటదా?”

బామ్మర్ది కారు కింది నుంచి ఒక్క ఉదుటున బయటికొచ్చాడు.

“గంతసేపు ఇంజన్ ఉత్తగ తిరిగి టర్బో సల్లవడ్డది బావా! బండి నడిపింది నువ్వు, బతికిచ్చింది మా అక్క!”

డ్రైవరు అప్పటికే ఫోన్ చెవిన పెట్టుకున్నాడు.

“ఊర్మిలా, ఇయ్యాల ఎంతసేపన్న తిట్టు. వింట.”