డాక్టరుగా అయితే వద్దట

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డు పక్కనే డాక్టర్ల గది. మధ్యాహ్నం. ఆమె ఆ వార్డుకు పెద్ద డాక్టరు. చెప్పాపెట్టకుండా వచ్చి ఎదుట కూర్చున్నవాడు ఆమె భర్త.

"ఫోన్ చేస్తే సరిపోయేదిగా! ఇంత దూరం ఎందుకొచ్చారు?"

"నువ్వు ఎత్తితేగా. ముందు ఆ అన్నం తిను."

"తింటాలెండి. లోపల ఒక బుడ్డోడు పొద్దుట్నుంచీ ఊపిరి తీసుకోడానికి బద్ధకిస్తున్నాడు. అరికాలు మీద చిన్నగా తడితే అప్పుడు గుర్తొచ్చినట్టు తీసుకుంటాడు, దొంగ వెధవ. మళ్ళీ వెళ్ళాలి. ఏంటి సంగతి?"

"ఏం లేదు. ఊరికే."

"ఊరికే వచ్చే మనిషా మీరు? ఏనాడైనా ఈ గది గడప తొక్కారా?"

"అమ్మాయి..."

"అమ్మాయికేమైంది? ఇంకా రెండు నెలలుందిగా!"

"ఉండాల్సింది. నిన్న కాన్పయింది. ఆడపిల్ల. వాళ్ళ ఊరి ఆస్పత్రిలోనే."

"నిన్ననా! బరువెంత? ఏడ్చిందా? ఆక్సిజనేనా, గొట్టం వేశారా? అక్కడ డాక్టరెవరు? నంబరివ్వండి, నే మాట్లాడతా..."

"కూర్చో."

"కూర్చోడమేంటండీ!"

"అమ్మాయెలా ఉందని అడగలేదు నువ్వు."

"అడుగుతున్నా... అడగబోతున్నా. ఎలా ఉంది?"

"బానే ఉంది. నీకు చెప్పొద్దంది."

"నాకా? ఎవరెవరి పిల్లల్నో బతికించానండీ నేను! నాకు చెప్పొద్దా?"

"అందుకేనట. 'చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే అమ్మ థర్మామీటర్ని చూసేది, నన్ను చూసేది కాదు నాన్నా' అంది."

"అలా అందా?"

"కోపంగా కాదు. మామూలుగానే అంది. అందుకే నిన్నంతా నీ దగ్గర నాకు నోరు పెగల్లేదు."

"ఇంకేమంది?"

"ఇవాళ పొద్దున మళ్ళీ తనే ఫోన్ చేసింది. పాపను చూడ్డానికి అక్కడ డాక్టర్లున్నారట. నువ్వు డాక్టరుగా అయితే వద్దట. అమ్మగా వస్తానంటే తీసుకురమ్మంది. కారు కిందే ఉంది."

"లోపల బుడ్డోడు..."

"చిన్న డాక్టర్లున్నారుగా."

"ఉన్నారు. ఉన్నారనుకోండి."

"మరి?"

"వస్తా. లోపలికి వెళ్ళను. ఏ మిషనూ ముట్టుకోను. వాళ్ళనేమీ అడగను. మిగతా వాళ్ళలాగే వార్డు అద్దం బయటే ఉంటా. సరేనా?"

"సరే. లే మరి."

"ఏమండీ... ఇన్నేళ్ళూ నేను లోపల్నుంచే చూశా. అద్దానికి అవతల నిలబడేవాళ్ళు చేతులు ఎక్కడ పెట్టుకుంటారండీ?"