చెరో ఓటు

మిసిసిపీ నది నడుమ ఓ దీవి. ఒడ్డుకు చేర్చే వంతెన పాడై మూతపడింది. ఎన్నికల ఫలితాలు వచ్చిన ఉదయం ఎల్డన్ తన గొప్పకు తనే పొంగిపోతున్నాడు.

“అమెరికాకి కళ్ళెం వేసింది నేనే! కింది సభకి ఓ పార్టీ, పై సభకి ఇంకో పార్టీ. చెరో ఓటు వేశా.”

“వేశావులే మహానుభావా! మరి మన వంతెన బాగుచేసే బిల్లు సంగతో?” అంది భార్య.

“రెండు సభలూ ఒప్పుకోవాలి.”

“ఒకళ్ళ మాట ఇంకొకళ్ళు ఒప్పుకుంటారా?”

“చచ్చినా ఒప్పుకోరు. రెండేళ్ళు ఇంతే.”

“చలికి నది గడ్డకడితే పడవ కూడా ఆగిపోతుంది. నేను డయాలసిస్‌కి ఎలా వెళ్ళను?”

ఎల్డన్ కాఫీ కప్పు కింద పెట్టాడు.

“కళ్ళెం కాదే ఆర్డిస్, నీ కాళ్ళకి సంకెళ్ళు వేశాను.”

“నిన్నేం అనను. నేనూ అలాగే వేసొచ్చాను.”

ఇద్దరూ పగలబడి నవ్వారు.

ఈ కథలో ఆ నవ్వొక్కటే నేను కల్పించింది.