ఆకలి కాగితం

పిల్లల హార్మోన్ల మీద పరిశోధన జరిగే ఆసుపత్రిలో బరువు తూచే గది. లోపల నర్సు, ఓ తల్లి. పదేళ్ల కూతుర్ని తూచి బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. ఎదురుగా పొగిడితే పిల్లలు చెడిపోతారని ఆ తల్లి నమ్మకం.

"ఏడు కిలోలు! మళ్లీ ఓసారి చూడండి సిస్టర్, మిషను తప్పు చెప్తోందేమో."

"మిషను బాగానే ఉందమ్మా. ఎనిమిది వారాల్లో ఏడు కిలోలు తగ్గింది."

"చూశారా! మా అత్తగారు నోరు పారేసుకుంది, దీన్ని ఎవడూ బాగుచెయ్యలేడని. ఇప్పుడు చూడాలి ఆవిడ మొహం. సరే, ఇంజెక్షను ఇవాళే మొదలుపెడతారా?"

"కూర్చోండి."

"కూర్చోలేను, కాలు నిలవట్లేదు నాకు. ఇవాళేనా, సోమవారమా?"

"అమ్మా, ముందు కూర్చోండి."

"ఏమైంది?"

"పాపని తీసుకోవట్లేదు."

"ఎక్కడికి?"

"పరిశోధనలోకి. ఇంజెక్షను ఇవ్వరు. ఆ చోటు ఇంకో బాబుకి వెళ్తుంది. పన్నెండింటికి డాక్టరుగారు సంతకం పెట్టేస్తారు."

"తగ్గిందిగా సిస్టర్! ఏడు కిలోలు తగ్గిందిగా!"

"తిండి తగ్గిస్తే తగ్గిపోయే పిల్లలకి ఈ మందు అక్కర్లేదమ్మా. మొదటిరోజే చెప్పాను. కడుపు నిండిందని మెదడుకి కబురు పంపే హార్మోను ఒకటుంటుంది. అది తక్కువైతే ఎంత తిన్నా ఆకలి తీరదు. మందు వాళ్లకి."

"మా దానికి తక్కువేనన్నారుగా?"

"కొంచెం తక్కువ. అంతే తక్కువున్నా మామూలుగా తిరిగే పిల్లలున్నారు. అందుకే వారంవారం ఆకలి కాగితం చూస్తాం. సున్నా నుంచి పది దాకా గీత. ఎంత ఆకలేస్తే అక్కడ పాప వేలు పెడుతుంది. ఆరు దాటాలి."

"మాకెంతొచ్చింది?"

"సున్నా. ఏడు వారాలూ సున్నా."

"మరింకేం! ఒక్క తప్పు కూడా లేదు!"

"తప్పేంటమ్మా? అది పరీక్ష కాదు."

"కాదా?"

"మీరేమనుకున్నారు?"

"బుద్ధిగా ఉండే పిల్లల్నే తీసుకుంటారన్నారు. తిండికి ఆగలేని పిల్లల మీద ఖరీదైన మందు పాడుచెయ్యరని..."

"ఎవరన్నారు?"

"ఆ కళ్లద్దాలావిడ. బయట బెంచీ మీద, లావుపాటి బాబుతో. పాపం నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. ఏంటి సిస్టర్, అలా చూస్తారు?"

"ఏం లేదు."

"చెప్పండి."

"వెయిటింగు లిస్టులో మొదటి పేరు ఆ బాబుదే."

"అంటే, కావాలనే నాకలా చెప్పిందా?"

"నేను చెప్పకూడదు. విననట్టుండండి. ముందు ఇది చెప్పండి, పాపకి సున్నా అని నేర్పించారా?"

"నేర్పించడమంటే... అలవాటు చేశాను."

"ఎలా?"

"ఇంట్లో అన్నిటికీ తాళాలేశాను. ఫ్రిజ్జుకి, పిండి డబ్బాకి, ఆఖరికి టూత్‌పేస్టుకి కూడా. దాన్నీ వదల్లేదు సిస్టర్, ట్యూబు చీల్చి నాకేసింది. చూసి నాకు కంపరం పుట్టింది. పుట్టినప్పుడు అరచేతిలో పట్టేది, బుడ్డి అని పిలుచుకున్నాం. ఇప్పుడు వీధిలో ఆ పేరు పెట్టి పిలిస్తే జనం తిరిగి చూసి నవ్వుతారు. దాని పక్కన నడవాలంటే సిగ్గేసేది నాకు."

"కాగితం సంగతి చెప్పండి."

"రోజూ బిస్కెట్ల ప్లేటు ముందు పెట్టి అడిగేదాన్ని, ఆకలేస్తోందా అని. లేదంటే ప్లేటు తీసేసేదాన్ని."

"ఉందంటే?"

"అనేది కాదు."

"మొదట్లో?"

"మొదట్లో అనేదిలెండి, పిల్ల కదా. నచ్చజెప్పుకున్నాను."

"కొట్టారా?"

"ఛఛ! ఒంటి మీద చెయ్యి పడలేదు. కన్నతల్లిని, రాక్షసిననుకున్నారా? టైమెంతయింది సిస్టర్?"

"పదినిమిషాలుంది. చూడండి, ఇవాళ్టి కాగితం ఇంకా నింపలేదు. పాప నిజం చెప్పి వేలు ఆరు దాటితే, ఇన్నాళ్లూ భయపడి సున్నా అందని రాస్తాను. డాక్టరుగారు సంతకం ఆపుతారు. కానీ వేలు పాపే పెట్టాలి. మీ మాటా నా మాటా చెల్లదు."

"పెడుతుంది. ఎందుకు పెట్టదు! ఆకలికి చచ్చిపోతోంది సిస్టర్ అది!"

"మీరు మాత్రం నోరు మెదపకండి. పాపా, లోపలికి రామ్మా! ఇలా కూర్చో. ఏంటలా గుటకలు మింగుతున్నావు?"

"దాహం, ఆంటీ."

"ఇదిగో నీళ్లు. అయిపోయాయా? ఇంకో గ్లాసు?"

"ఇంకో రెండు."

"అంత దాహమా తల్లీ?"

"నీళ్లు తాగితే ఏమీ అనరు."

"ఇక్కడ ఏది తిన్నా ఎవరూ ఏమీ అనరు. కాగితం గుర్తుందిగా? ఈ చివర అస్సలు ఆకలి లేదని. ఆ చివర, ఆగలేనంత. ఇవాళ నిజంగా ఎంతుందో అక్కడ వేలు పెట్టు."

"ఇక్కడ."

"సున్నాయా?"

"సున్నా."

"బాగా ఆలోచించు. తొందరేం లేదు."

"సున్నానే, ఆంటీ."

"బుడ్డీ! నిజం చెప్పవే!"

"అమ్మా, మీరు మాట్లాడొద్దన్నానా?"

"ఎలా ఊరుకోను సిస్టర్, అవతల ఆ మహాతల్లి కాచుకు కూర్చుంది! బుడ్డీ, నా బంగారం, ఇవాళ ఉందని చెప్పాలమ్మా. ఉందంటేనే మందిస్తారు. వేలు అటు జరుపు."

"లేదమ్మా. నాకు ఆకలి లేదు."

"ఉందే! నాకు తెలుసు ఉందని! చెప్పు తల్లీ, ఏమీ అనను. ఒట్టు, కొట్టను."

"నిన్న కూడా కొట్టనన్నావుగా అమ్మా. అప్పుడు ఉందనే చెప్పాను."