హాలు జరిగిన పాట

"నేనేదో ఘనకార్యం చేశానని చెప్పడం లేదు," అన్నాడు రీసౌండు బాబాయ్ టీ గ్లాసు అందుకుంటూ. "నాలుగు పాటలు ఎంచిపెట్టాను, అంతే. పిల్లలు అడిగారు, కాదనలేకపోయాను."

ఆయన "ఘనకార్యం చేశానని చెప్పడం లేదు" అన్నాడంటే ఎంత లేదన్నా అరగంట కథ అని అక్కడున్నవాళ్ళందరికీ తెలుసు. కాలేజీలో ఏ సభ జరిగినా మైకుసెట్ పెట్టేది ఆయనే. చెవిన పడ్డ ఒక్క మాట ఆయన నోట పది మాటలై బయటికొస్తుంది కనక ఆ పేరు అతుక్కుపోయింది. టీ కొట్టు అక్క స్టవ్ మంట తగ్గించింది. డ్యూటీ దిగిన బస్సు కండక్టరు తీరుబడిగా కాళ్ళు చాపుకున్నాడు. బెంచీ చివర మెళ్ళో టేపుతో కూర్చున్న టైలరు మాత్రం గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు.

టైలరుకి ఆ కథ వినాలనీ ఉంది, లేచి పారిపోవాలనీ ఉంది. నిన్న సాయంత్రం కాలేజీ పట్టాల సభలో వాయించిన నలుగురిలో డ్రమ్ములు ఆయన కూతురివే. "చదువుకోమని పంపితే డబ్బాలు కొట్టుకుంటూ కూర్చుంటావా?" అని ఆయన నోరు జారి నెలన్నర అయింది. అప్పట్నించీ ఇద్దరికీ మాటల్లేవు. నిన్న పొద్దున ఆ పిల్లే ముందు మెట్టు దిగి, "సాయంత్రం వస్తావా నాన్నా?" అని అడిగితే, "నాకు పనుంది" అన్నాడు.

అన్నాడే గానీ వెళ్ళాడు. ఆ సభకి మూడొందల గౌన్లు కుట్టింది ఆయనే. కొట్లో మిగిలిపోయిన ఒక గౌను గబగబా తొడుక్కుని, టోపీ కళ్ళ మీదికి లాక్కుని, పట్టా పుచ్చుకోవడానికి వచ్చిన పెద్దమనిషిలా చివరి వరసలో కూర్చుని, నాలుగు పాటలూ విని, చప్పట్లు ఆగకముందే జారుకున్నాడు. ఆ సంగతి తనకీ ఆ గౌనుకీ తప్ప మూడో కంటికి తెలియదనే ఆయన ధీమా. బాగా వాయించావమ్మా అని కూతురితో అనాలని ప్రాణం కొట్టుకుపోతోంది. అంటే వెళ్ళినట్టు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే పరువేం కావాలి? అందుకే పొద్దున ఆ పిల్ల నిద్ర లేవకముందే ఇంట్లోంచి బయటపడ్డాడు.

"అసలు ఏమైందంటే," అంటూ రీసౌండు గొంతు సవరించుకున్నాడు, "మన పిల్లలు వాయించేవన్నీ జపాన్ రాక్ పాటలాయె. ప్రిన్సిపాలుగారు ఇరవై నిమిషాలిచ్చారు, అంటే నాలుగు పాటలు, వీళ్ళ దగ్గర చూస్తే అరవై ఉన్నాయి. పాడే అమ్మాయికి ఏడుపు పాటలు కావాలి, గిటారు అబ్బాయికి గిటారు తప్ప ఇంకేమీ వినపడని పాటలు కావాలి, బేసు గిటారు వాడు అలిగి మాట్లాడ్డమే మానేశాడు, మన టైలరుగారి అమ్మాయేమో ఒకే ఒక్క పాట పట్టుకుని వేలాడుతోంది, ఎందుకమ్మా అంటే చెప్పదు. ఇంక జుట్టూ జుట్టూ పట్టుకోవడం ఒక్కటే తరువాయి. అప్పుడు నలుగురూ కలిసి నా షాపుకొచ్చి, బాబాయ్, నువ్వే దిక్కన్నారు. నేను ఆంప్లిఫయరు విప్పుకుని కూర్చున్నా. సరే, పాటలక్కడ పెట్టి వెళ్ళండి, పని చేసుకుంటూ వినేస్తా అన్నా."

"అరవై పాటలూనా?" అన్నాడు కండక్టరు.

"ఒక్క మధ్యాహ్నంలో. ఎడమ చెవిలో ఒకటి, కుడి చెవిలో ఒకటి. ముప్ఫయ్యోది అయ్యేసరికి మాటలు అర్థమవడం మొదలైంది. యాభయ్యోది అయ్యేసరికి ఇంట్లోకి వెళ్ళి మంచినీళ్ళు అడిగాను, జపాన్ భాషలో."

"వదినేమంది?" అంది టీ అక్క.

"నీళ్ళు నువ్వే ముంచుకో అంది. అదీ జపాన్ భాషలోనే. మా ఇంటికీ షాపుకీ మధ్య గోడ పల్చన కదమ్మా, తనూ విన్నది. సరే, విన్నాను, ఇందులో ఏది మంచిదో తేలేదెలా? స్పీకరు మీద గ్లాసుడు నీళ్ళు పెట్టా. నీళ్ళు కదలకపోతే అది పాటే కాదు, తీసి అవతల పెట్టు. అలా యాభై ఆరు పాటలు పోయాయి. మొదటి పాటగా పెట్టాం చూడు, దానికి నీళ్ళు ఎగిరి మళ్ళీ గ్లాసులోనే పడ్డాయి. రెండోదానికి గ్లాసు నడుచుకుంటూ బల్ల అంచుదాకా వచ్చింది. మూడోదానికి గ్లాసు బల్ల దిగి, గుమ్మం దాటి, వీధిలో పడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"బస్సెక్కిందా?"

"నీ బస్సు ఆగితేగా ఎక్కడానికి! చౌరస్తాలో పోలీసాయన ఆపి, నా షాపుకి తెచ్చి అప్పగించి వెళ్ళాడు. చుక్క నీరు ఒలకలేదు. నాలుగో పాట పెట్టడానికి నాకే భయమేసింది, గ్లాసు ఖాళీ చేసి మరీ పెట్టాను."

కండక్టరు పొట్ట పట్టుకుని నవ్వాడు. టైలరు నవ్వలేదు. నాలుగు పాటలూ ఆయన చెవుల్లో ఇంకా మోగుతూనే ఉన్నాయి.

"ఇక నిన్న హాల్లో! మొదటి పాట అందుకోగానే, ఉద్యోగంలో చేరిన నాటినుంచీ నవ్వి ఎరగని ప్రిన్సిపాలుగారు కాలితో తాళం వేశారు. రెండో పాటకి కరెంటు లేకుండానే ఫ్యాన్లు తిరిగాయి. గోడ గడియారం ఆ ఊపు తట్టుకోలేక ముళ్ళు గిర్రున తిప్పేసింది, పట్టా పుచ్చుకోవడానికి వచ్చిన పిల్లల్లో ఇద్దరికి అక్కడికక్కడే తల నెరిసింది."

"మరి మూడో పాట?"

అడిగింది టైలరు. అందరూ అటు తిరిగారు. ఆయన మళ్ళీ గ్లాసులోకి చూడ్డం మొదలుపెట్టాడు.

"అడిగావూ! మూడో పాటకి హాలు రెండడుగులు జరిగింది అన్నయ్యా. నమ్మకపోతే వెళ్ళి చూసుకో, నిన్నటిదాకా సైకిల్ స్టాండు హాలుకి ఎడమ పక్కన ఉండేది, ఇవాళ కుడి పక్కన ఉంది. పాట అయ్యీ అవగానే నా ఫోను మోగింది. ఎవరనుకున్నావు? జపాన్ నుంచి, ఆ పాట కట్టినవాళ్ళు! అయ్యా, ఇన్నాళ్ళూ ఆ పాట మాదనుకున్నాం, ఇక మీరే ఉంచేసుకోండి అన్నారు."

"ఏ భాషలో అన్నారు బాబాయ్?" అన్నాడు కండక్టరు.

"ఏడుస్తూ అన్నారు. ఏడుపుకి భాషేమిట్రా?" రీసౌండు టీ చివరి గుక్క తాగి, గొంతు కాస్త తగ్గించాడు. "ఇంకోటి చెప్పకూడదు గానీ, ఆ మూడో పాట మధ్యలో మీ అమ్మాయి బెదిరిపోయింది అన్నయ్యా. ఒకచోట చేతులు టక్కున ఆగిపోయాయి. బిక్కమొహం వేసుకుని నా వైపు చూసింది. నేను వేళ్ళు చూపించి ఒకటీ, రెండూ, మూడూ అంటే అప్పుడు అందుకుంది. నేను లేకపోతే అంతే సంగతులు."

"అబద్ధం!"

టైలరు లేచి నిలబడ్డాడు. చేతిలో గ్లాసు బెంచీ మీద ఠప్పున పెట్టాడు.

"జపాన్ వాళ్ళు ఏడ్చారను, ఒప్పుకుంటాను. గ్లాసు నడిచిందను, పరిగెత్తిందను, నాకేం? నా కూతురు మాత్రం బెదరలేదు. అక్కడ ఆగాలయ్యా! కుట్టు అంచుదాకా వచ్చాక కాలు ఆపి, బట్ట తిప్పుకుని, మళ్ళీ తొక్కమూ? ఆ తాళం మా ఇంటి కుట్టుమిషను చప్పుడు. చిన్నప్పుడు ఆ మిషను పక్కన పడుకోబెడితే గానీ నా పిల్ల నిద్రపోయేది కాదు. ఆ పాట నువ్వు ఎంచలేదు, నీ గ్లాసూ ఎంచలేదు, నా కూతురే ఎంచుకుంది. పైగా ఆ పాట మొదట్లో నువ్వు వైరు తట్టుకుని బోర్లా పడ్డావు, మైకులన్నీ పోయాయి, పాడే పిల్ల గొంతు వినపడకపోయినా నా కూతురు చెయ్యి ఆపలేదు. మైకు లేకుండానే చివరి వరసదాకా ఖంగుమని వినపడింది!"

స్టవ్ మీద పాలు పొంగబోతే అక్క గబుక్కున దించింది.

"చివరి వరసదాకా వినపడిందని నీకెలా తెలుసు?" అన్నాడు కండక్టరు నెమ్మదిగా.

టైలరు మళ్ళీ బెంచీ మీద కూలబడ్డాడు. రీసౌండు మోకాళ్ళ మీద చరుచుకుంటూ నవ్వుతున్నాడు.

"హమ్మయ్య! వైరు సంగతి కూడా బయట పెడతావనుకోలేదు గానీ, పోనీలే. పొద్దున్నే మీ అమ్మాయి నా షాపుకొచ్చింది అన్నయ్యా. నాన్న వచ్చాడు బాబాయ్, చివరి వరసలో కూర్చున్నాడు, చచ్చినా ఒప్పుకోడు, నీ కోతలతోనైనా ఆ మాట కక్కించు అంది. గ్లాసులు నడిపించా, హాళ్ళు జరిపించా, నువ్వు ఉలకవు పలకవు. దేనికీ లొంగకపోతే నేను బెదిరిపోయానని చెప్పు, ఇక ఆగలేడు అని కూడా తనే చెప్పి పంపింది."

"నన్ను చూసిందా?" అన్నాడు టైలరు. "టోపీ కూడా పెట్టుకున్నానే."

"మూడొందల మందిలో గౌను తిరగేసి వేసుకున్నవాడివి నువ్వొక్కడివే! కుట్లన్నీ బయటికే ఉన్నాయిట."

ఇస్త్రీకని తిరగేసి తగిలించిన గౌను అది. ముప్ఫై ఏళ్ళుగా ఊరందరికీ బట్టలు కుట్టినవాడికి అంతకన్నా తలవంపు ఉండదు. టైలరు మొహం ఎర్రబడింది, ఆ తర్వాత ఆపుకోలేక ఫక్కున నవ్వేశాడు. నెలన్నర తర్వాత గుండె మీంచి బండ దిగినంత హాయిగా ఉంది ఆయనకి. ఇంటికి వెళ్ళాలి, ఇప్పుడే వెళ్ళాలి అనుకుంటూ చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు.

"ఇంతకీ," అని కండక్టరు వెనకనుంచి కేకేశాడు, "నువ్వూ అక్కడే ఉన్నావు కదా, నిజంగా హాలు రెండడుగులు జరిగిందా?"

టైలరు వెనక్కి తిరిగాడు. మెళ్ళో టేపు తీసి బారుగా చాపి పట్టుకున్నాడు.

"రెండడుగులేమిటి? మూడడుగుల ఏడంగుళాలు. నా చేత్తో కొలిచాను," అని గబగబా ఇంటిదారి పట్టాడు.