మానేసినవాడి ఫోల్డరు

మధ్యాహ్నం రెండింటికల్లా ప్రోగ్రాము తయారుచేసి పంపితేనే మనవరాలి ఉద్యోగం ఖాయమవుతుంది. ఇంకా పావుగంటే ఉంది. ఆమె కంప్యూటరు ముందు తల పట్టుకుని కూర్చుంటే, పక్కన మంచం మీద అమ్మమ్మ దుప్పట్లు మడతపెడుతోంది.

“ఛీ! మళ్ళీ అదే పాట. లైబ్రరీ దొరకలేదట!”

“పుస్తకాల లైబ్రరీయా?”

“కాదు అమ్మమ్మా, ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాము ముక్క. అది కలిస్తేగానీ నాది తయారవదు. అది ఎక్కడుందో దారి రాసిపెట్టాలి.”

“రాయలేదా?”

“రాశాడు మహానుభావుడు, నాకు ముందు పనిచేసినవాడు! అందరికీ కావలసినదాన్ని తన సొంత ఫోల్డరులో పెట్టుకుని, దానికే దారి రాశాడు. వాడు మానేయగానే ఆఫీసువాళ్ళు ఆ ఫోల్డరు తుడిచేశారు. తలుచుకుంటేనే అసహ్యం!”

“వీధివాళ్ళందరి నిచ్చెన తన అటకెక్కించి తాళం వేసుకుపోయాడన్నమాట, ముదనష్టపు వెధవ!”

“పోనీలే, నా ఫోల్డరులోనూ దాని కాపీ ఒకటుంది. దానికే దారి రాసేశా. హమ్మయ్య, తయారైంది!”

“మరి రేపు నువ్వు మానేస్తేనో?”

పంపబోతున్న మనవరాలి వేలు అక్కడే ఆగిపోయింది. గోడ గడియారంలో ఇంకా ఏడు నిమిషాలు.

“ఛీ, నా బుద్ధి తగలెయ్య!”

తిట్టుకుంటూనే లైబ్రరీని ప్రోగ్రాముతోపాటు వెళ్ళే ఫోల్డరులోకి మార్చి, దారి అక్కడికి తిప్పి రాసింది. మళ్ళీ తయారయ్యేసరికి రెండింటికి ఒక్క నిమిషం తక్కువ.

“పంపావుటే?”

“పంపేశా.”

“ఇక వాణ్ణి కడుపారా తిట్టుకో తల్లీ. ఇప్పుడు నీకా హక్కుంది.”