పిల్లలు: లేరు

"ఇప్పుడెందుకు రూతూ? ఎండ జూసినవా, నెత్తి పగిలిపోతాంది. సల్లవడ్డంక పోదాం."

"నిన్న గూడ గట్లనే అన్నవ్ వదినె."

"నిన్న నువ్వు రైలు దిగి అలిసిపోయి ఉన్నవ్."

"ఇయ్యాల అలిసిపోయి లేను."

అది 1984 జూన్. ఐదేళ్ల తర్వాత రూతు ఇంగ్లండు నుంచి వరంగల్ వచ్చి, మట్టెవాడలో ఏసమ్మ ఇంట్లో దిగింది. ఏసమ్మ, రూతు చనిపోయిన భర్తకు అక్క. నాలుగేళ్ల కూతురు మార్తను రూతు ఈమె చేతుల్లోనే పెట్టి వెళ్లింది. ఇప్పుడు ఆ పిల్ల సమాధి చూడాలని వచ్చింది. అన్నాలు అయ్యాయి. రూతు అన్నా అని పిలిచే ఏసమ్మ భర్త మిల్లు డ్యూటీకి వెళ్లాడు. ఏసమ్మ చాప మీద కూర్చుని ఉంది. రూతు చెప్పులేసుకుని గడప దగ్గర నిలబడింది.

"రిక్షా పిలువనా వదినె?"

"ఈ ఎండకు రిక్షావోడు ఎవడొస్తడు? సమాధుల తోటకంటే అసలే రాడు."

"అయితే నడుస్త. తొవ్వ నాకు యాదికున్నది."

"గేటుకు తాళమేసి ఉంటది."

"తాళంచెవి ఎవరి కాడుంటదో చెప్పు, అడిగి తెచ్చుకుంట."

"అబ్బ, ఒక్క పూట ఆగరాదా?"

"ఐదేండ్లు ఆగిన. ఫోటో తీసి పంపుమని ఎన్ని ఉత్తరాలు రాసిన? ఒక్కటన్న పంపినవా?"

"ఫోటో తీసేటోడు ఆడికొస్తడా? మీ అన్నకు జూస్తే మిల్లు డ్యూటీ. ఎన్నడు తీరింది?"

"వదినె, నిజం చెప్పు. రాయి వేయించలేదా?"

"అయ్యో, వేయించినం. నల్లరాయి. మంచిగ పేరు గూడ చెక్కిచ్చినం. మార్త, తండ్రి పేరు..."

"తారీకు?"

"మజ్జిగ తాగుతవా? జర ఉప్పేసి తెస్త."

"మజ్జిగొద్దు. కూసో. నీకొకటి చెప్పాలె. రాయి కాడ చెప్దామనుకున్న. నువ్వు తోలుకపోయేటట్టు లేవు. ఈడ్నే చెప్త."

"ఏంది?"

"నేను పోయింది విజిటర్ వీసా మీద, యాదికున్నది గద."

"ఎందుకు లేదు? మన దవాఖానల పనిజేసిన దొరసానమ్మ రమ్మన్నది. ఆర్నెల్లల్ల వస్త అన్నవ్."

"వద్దామనే పోయిన. ఆమెనే పిల్లల నర్సింగు కోర్సుల సీటిప్పిచ్చింది. ఇంటికొచ్చి మళ్ల వీసాకు పెట్టుకుంటే ఎన్నడొస్తదో, అసలు వస్తదో రాదో. ఆడ్నే ఉండి విజిటర్‌ను స్టూడెంట్ కింద మార్చుకోవచ్చన్నరు. ఫారం నింపి, పాస్‌పోర్టు వీసా ఆఫీసోళ్ల చేతుల పెట్టాలె. వాళ్లు స్టాంపు కొట్టి ఇచ్చేదాంక దేశం దాటరాదు."

"అన్నీ రాసినవ్. ఉత్తరంల అన్నీ రాసినవ్."

"ఒకటి రాయలే."

"ఏం రాయలే?"

"ఆ ఫారంల అడిగిండ్రు, పెండ్లయిందా అని. అయింది, భర్త పోయిండు అని రాసిన. దాని కింద ఇంకో గీత. పిల్లలు? అని."

"ఊఁ."

"లేరు అని రాసిన. ఏమన్న అను వదినె."

"ఏమనాలె?"

"తిట్టు. తొమ్మిది నెలలు మోసి కన్న పిల్లను లేదని రాస్తవా అని తిట్టు."

"ఎందుకు రాసినవ్?"

"నా రూములుండే కేరళ పిల్ల చెప్పింది. పిల్ల ఉన్నదంటే రేపు దాన్ని గూడ తెచ్చుకుంటదని అనుమానపడ్తరు, ఇయ్యరు అన్నది. నేను ఇంకెవర్నీ అడగలే. ఇంగ్లీషుల నాలుగే నాలుగు అక్షరాలు. రాసి, కింద దస్కత్ పెట్టిన."

"ఎవరైనా గట్లనే రాస్తరు. బతుకు కోసం."

"విను. ఏడాదైనంక అదే ఆఫీసుల పనిజేసే ముసలామె ఒకతి మాటల మీద చెప్పింది. చదువైనంక నువ్వు వాపస్ పోతవని వాళ్లకు నమ్మకం కావాల్నట. ఇంటికాడ పిల్లున్నదని రాస్తే ఇంకా మంచిగుండునట వదినె! నేను ఊకెనే దాన్ని లేకుంట చేసిన."

"అయిపోయినదాన్ని తవ్వకు."

"తవ్వుతాన్నా? అదే నన్ను తవ్వుతాంది. సోమారం నాడు టెలిగ్రామొచ్చింది. మార్త సీరియస్, వెంటనే బయల్దేరు అని."

"నీ పాస్‌పోర్టు వాళ్ల కాడుండె గద. ఎట్లొస్తవ్? అందరం గదే అనుకున్నం."

"రావచ్చు వదినె."

"ఏందీ?"

"రావచ్చు. నా ఫారం వాపస్ తీసుకుంటాన, పాస్‌పోర్టు ఇచ్చేయిండ్రి అని ఒక కాయితం రాసిస్తే ఇచ్చేటోళ్లు. నేను పోయి అడిగిన. కౌంటర్ కాడున్నామె మర్యాదగ చెప్పింది. కాని వాపస్ తీసుకుంటే సీటు పోతది, మళ్ల మొదటికొస్తది. తెల్లకాయితం గూడ ఇచ్చింది. చేతిల పట్టుకొని హాస్టల్‌కు వచ్చిన."

"రాసియ్యలేదా?"

"తొమ్మిది దినాలు బల్ల మీదనే ఉన్నది. తొమ్మిదో దినం నీ రెండో టెలిగ్రాం వచ్చింది."

"పాస్‌పోర్టు ఇయ్యలేదు, అందుకే రాలేకపోయిన అని రాసినవ్ గద నాకు."

"అది ఇంకో అబద్దం."

"ఎందుకు రాలే మరి? సీటు కోసమా? నిన్నే అడుగుతాన. చదువు కోసమేనా?"

"అది చెప్తే నమ్మవు. ఇడిసిపెట్టు."

ఏసమ్మ కొంగుతో మెడ తుడుచుకుంది. రూతు గుమ్మానికి ఆనుకుంది గాని చెప్పులు విడవలేదు. చెప్పడం మొదలుపెట్టాక ఇక ఆపడం ఆమె వల్ల కాలేదు.

"కోర్సుల పడ్డంక నాకు మొదటి డ్యూటీ చిన్నపిల్లల వార్డు. అందరూ తెల్లపిల్లలు. పగటిపూట అన్నాలు తిని పండుకున్నరు. నేను దుప్పట్లు సర్దుకుంట పోతాన. వెనుకనుంచి ఒక చిన్నపిల్ల గొంతు, అమ్మా దూప, అన్నది."

"ఏమన్నది?"

"దూప అన్నది. తెలుగుల. ఆ ఊర్లె దూప అనే మాట ఎవరికి తెలుసు వదినె? గిలాసల నీళ్లు పట్టుకొని మంచం మంచం తిరిగిన. అందరు నిద్రల ఉన్నరు. పెద్ద నర్సు వచ్చి, ఎవరడిగిండ్రు నీళ్లు అన్నది. ఏం చెప్పాలె? నేనే తాగిన."

"దూప అన్నదా? గదే మాటనా?"

"గదే మాట. ఒక్కసారి గాదు. అట్లా ఎన్నిసార్లో. ఎందుకట్ల చూస్తానవ్?"

"మార్త ఆఖరి మాట గదే రూతూ. ఫిట్సొస్తానయ్, నోటితోని ఏం పెట్టొద్దన్నడు డాక్టరు. అత్తా దూప, అత్తా దూప అన్నది. నేను తడిబట్టతోని పెదవులు అద్దిన అంతే. చుక్క నీళ్లు పొయ్యలే. నీకెన్నడు రాయలే గద నేను? ఎవ్వరికీ చెప్పలే, మీ అన్నకు గూడ."

"రాయలే."

"మరి నీకెట్ల ఇనవడ్డది?"

"నాకేం తెలుసు? నన్నడుగుతది, నేను నీళ్లు పడ్త, తాగేటోళ్లుండరు. ఐదేండ్ల సంది ఇదే. చదువైపోయి ఉద్యోగంల చేరినా ఇదే."

"యేసయ్యా..."

"ఏడాదికోసారి వీసా పొడిగించుకోవాలె. మళ్ల గదే ఫారం, పిల్లలు? అని గదే గీత. మొదటిసారి అబద్దం రాసిన, కలం ఆగలే. రెండోసారి లేరన్నదే నిజమైంది, రాయబోతే కలం పట్టుకోరాలే. అప్పుడు సమజైంది. నేను రాసింది దేవుడు చదివిండు వదినె. చదివి, సరే అన్నడు."

"అట్లనకు!"

"ఎట్లనాలె మరి? శుక్రారం నాడు లేరని రాసిచ్చిన. పన్నెండు దినాలల్ల పిల్ల లేదని టెలిగ్రాం. నేను రాసినంకనే పోయింది. రాసినందుకే పోయింది."

"రాసినందుకు పోలే."

"నీకేం తెలుసు?"

"నాకు తెల్వకుంటే ఎవరికి తెలుస్తది? చెప్పులిడువు. లోపటికొచ్చి కూసో."

"తోటకు పోదాం ముందుగాల."

"పోదాం. తప్పకుంట పోదాం. కాని ఆడ రాయి మీద తారీకు ఉన్నది. అది చూసి నువ్వు నన్నడిగేకంటే, నేనే చెప్తే నయం. గందుకే నిన్నటిసంది ఎండ, తాళం అంటాన."

"ఏం తారీకున్నది?"

"మార్చి ఐదు."

"ఐదెట్లయితది? టెలిగ్రామొచ్చింది ఇరవై ఒకటికి గద. తప్పు చెక్కిండ్రా?"

"తప్పు గాదు."

"వదినె..."

"తప్పు గాదు రూతూ. మార్చి ఐదు, సోమారం, తెల్లారగట్ల మూడు గొట్టంగ. ఆదివారం పొద్దుగాల చర్చికి గౌను తొడుగుతాంటె ఒళ్లు కాలిపోయింది. దవాఖానల మంచిగనే చూసిండ్రు, ఏం అననీకి లేదు. మెదడువాపు జరం. ఒక్క దినం గూడ ఆగలే. మంగళారం మట్టిచ్చినం. బుధారం నీ ఉత్తరమొచ్చింది."

"ఏ ఉత్తరం?"

"తొమ్మిదో తారీకు శుక్రారం ఫారమిస్తాన, పాస్‌పోర్టు ఇస్తాన, ఇగ మధ్యల వస్తే అంతా పోతది అని రాసిన ఉత్తరం. మీ అన్న చదివిండు. చదివి, పిల్ల పోనే పోయింది, దీని బతుకన్న నిలవడనీ అన్నడు. ఒక్కతి ఉన్నది ఆడ, కింద పడితే పట్టుకునేటోళ్లు లేరు అన్నడు. నేను ఒప్పుకోలే. తల్లికి చెప్పాలె అన్న. ఇద్దరం నాలుగు దినాలు కొట్లాడినం."

"నాలుగు దినాలు."

"ఆఖరికి సీరియస్ అని ఇద్దామన్నం. వస్తే వస్తది, వచ్చినంక చెప్దాం. రాకుంటే మెల్లగ చెప్దాం. మన కాడ టెలిగ్రాంల సీరియస్ అంటే ఏందో నీకు తెల్వదా?"

"నేను నర్సును వదినె. మాకు సీరియస్ అంటే ఇంకా ఊపిరి ఉన్నట్టు."

"నువ్వొస్తవనే అనుకున్న. రోజు ఈ గడపలనే కూసున్న. నువ్వు రాకపోతే నాకు కోపమొచ్చింది. నీకబద్దం చెప్పింది మేమే అని మర్చిపోయి, పిల్ల సీరియస్ అంటే రాని తల్లి అని ఐదేండ్లు మనసుల నిన్నే తిట్టుకున్న. గీ తప్పు నాది. నన్నేమన్న అను, పడ్త."

"నేను ఫారం రాసేటాల్లకు..."

"అప్పటికే మట్టిచ్చి మూడు దినాలు. నువ్వు లేరని రాసిన్నాడు పిల్ల లేదు. నీ రాతతోని పోలే. నువ్వు ఆ కాయితం రాసిచ్చి విమానమెక్కినా దాన్ని చూడకపోదువు. నీ మీద ఏ పాపం లేదు బిడ్డా. ఇగ దించుకో."

రూతు గడప మీద కూర్చుంది. ఏసమ్మ లేచి వచ్చి భుజం పట్టుకుంది. రూతు తలెత్తి ఆమె ముఖంలోకి చూసింది.

"ఏడ్వు రూతూ. ఏడిస్తే పోతది. ఎందుకట్ల చూస్తానవ్?"

"ఎందుకు రాలే అని అడిగినవ్ గద ఇందాక."

"ఇప్పుడెందుకు అది?"

"సీటు కోసం గాదు వదినె. టెలిగ్రామొచ్చిన్నాడే కాయితం రాద్దామని కూసున్న. తెల్లారి గూడ కూసున్న. రోజు పొద్దుగాల మోకాళ్లూని ప్రార్థన చేసి, కలం పట్టుకునేది. పట్టుకోంగనే చెవుల మార్త గొంతు. తొమ్మిది దినాలు, రోజూ గదే మాట. అమ్మా, నాకు జరం తగ్గింది, నువ్వు రాకు అని."