తాడు పట్టుకున్న చెయ్యి

హలో… ఆఁ, నేనే, వెర్డెల్‌ని. మీ అక్కనే తల్లీ. రెండ్రోజులు ఫ్యాక్టరీ గేటు దగ్గర పాడీ పాడీ గొంతు బొంగురుపోయింది.

…లేదు, ఎవరికీ ఏం కాలేదు. పిన్ని పక్కనే ఉందా? ఆవిణ్ణి కూడా విననీ. ఎర్నస్టీన్, ముందు నువ్వు కూర్చో.

…చెబుతున్నాగా. ఆదివారం చర్చి అయ్యాక నీ గురించే యూనియన్ మీటింగు పెట్టారు. ఓటరుగా పేరు రాయించుకోడానికి కోర్టుకెళ్లిందని పిల్లని పనిలోంచి తీసేశారు, దానికోసం సమ్మె చెయ్యాలా వద్దా అని.

…తెల్లవాళ్లూ వచ్చారు. రాకపోతే ఎలా? సంచులు అతికించేది మన నల్లవాళ్లం, మిషన్లు నడిపేది వాళ్లు. మనం ఒక్కళ్లం ఆపితే ఓనరుకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

…అదే కదా గొడవ. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే హాల్లో కలిసి కూర్చుంటే ఊరి చట్టం ఒప్పుకోదు. మధ్యలో అడ్డం ఉండాలి. అందుకని యూనియన్ ప్రెసిడెంటు టాలివర్ బట్టలారేసుకునే తాడొకటి తెచ్చి హాలు మధ్యలో కట్టించాడు. ఇటు మనం, అటు వాళ్లు.

…నవ్వకు, ఇంకా ఉంది. పది నిమిషాలు కాలేదు, ఒకవైపు మేకు ఊడిపోయి తాడు కింద పడింది. చట్టం అమలవుతోందో లేదో చూడ్డానికని తలుపు దగ్గర ఒక పోలీసుని పెట్టారు. ప్రూయిట్ అని, పొడుగ్గా, ఎర్రటి చెవులతో…

…ఆఁ. వాడే. కోర్టు మెట్ల మీద నిన్ను తోసినవాడే.

…విను, ఫోన్ పెట్టెయ్యకు. తాడు లేకపోతే మీటింగు ఆపెయ్యాలన్నాడు. సుత్తి కోసం వెతికితే దొరకలేదు. చివరికి తనే ఆ కొస అందుకుని చెయ్యి పైకెత్తి పట్టుకున్నాడు. తలలకంటే ఎత్తులో ఉండాలట మరి. గంటసేపు అలాగే నిలబడ్డాడు. చెమటలు కారిపోతున్నాయి. నాకే జాలేసి విసనకర్ర పంపిద్దామనుకున్నా, కానీ తాడు దాటించొచ్చో లేదో ఎవరికీ తెలీలేదు.

…వస్తున్నా, ఓటు దగ్గరికే వస్తున్నా. నూట ఇరవై మందిమి. సమ్మె కావాలన్నవాళ్లు చేతులెత్తండి అన్నాడు టాలివర్. సగం కంటే ఒక్క చెయ్యైనా ఎక్కువ ఉండాలి. ఆయనకి చూపు సరిగ్గా ఆనదని నీకు తెలుసుగా. అయినా ఓపిగ్గా లెక్కపెట్టి, అరవై ఒకటి అన్నాడు.

…నువ్వూ పట్టేశావు. నిజానికి అరవయ్యే.

…ఊరుకుంటారా? అటువైపు ముందు వరసాయన లేచి, పోలీసు చెయ్యి కూడా కలిపేశారండీ అన్నాడు. అయితే దించమనండి అన్నాడు టాలివర్. ప్రూయిట్ ఏమన్నాడో తెలుసా? "దించితే తాడు పడిపోతుంది. తాడు పడితే మిమ్మల్నందర్నీ అరెస్టు చెయ్యాలి. లాకప్పులో పన్నెండు మందికే చోటుంది" అన్నాడు. దించలేదు. "అయితే లెక్కే" అని టాలివర్ పుస్తకంలో రాసేశాడు.

…ఒట్టు. సోమవారం పొద్దున తెల్లవాళ్లూ మనవాళ్లూ ఒకే గేటులోంచి బయటికొచ్చారు. ఓటు వెయ్యనివాళ్లు కూడా వచ్చారు. మంగళవారం సాయంత్రానికి ఓనరు దిగొచ్చాడు.

…అసలు నిన్ను తీసెయ్యనే లేదట. నీ స్టూలు రిపేరుకి పంపారట. అది వచ్చేదాకా ఆగమన్నారట, అంతేనట. స్టూలు వచ్చేసింది. శుక్రవారం నుంచి పనిలోకి రమ్మన్నాడు.

…ఏడవకు. నువ్వేడిస్తే నాకూ వచ్చేస్తుంది.

…ఉండు, ఎవరో తలుపు కొడుతున్నారు. వెనక గుమ్మం. లైన్లోనే ఉండు—

…ఎర్నస్టీన్, ఎవరనుకున్నావు? ప్రూయిట్. మామూలు చొక్కాలో ఉన్నాడు. వీధిలోవాళ్లు చూస్తారని పెరట్లోంచి వచ్చాడట. ఆ ఓటు సంగతి తెలిసి పై అధికారి ఉద్యోగంలోంచి తీసేశాడట. తనకోసం కూడా సమ్మె చేస్తారేమో కనుక్కుందామని వచ్చాడు.

…అక్కడే ఆగమన్నా. నిన్నడుగుదామని ఫోన్ దగ్గరికొచ్చా. తోసింది నిన్ను. ఏం చెప్పమంటావో నువ్వే చెప్పు.

…

…వింటున్నా. నిదానంగా ఆలోచించుకో.

…సరే. మీటింగులో అడుగుతాం, మాట మాత్రం ఇవ్వలేం అని చెబుతా. ఇంకా?

…వీధి గుమ్మంలోంచి రమ్మనాలా? పట్టపగలు, అందరూ చూస్తుండగానా?

…అలాగే. ఇలాగే చెబుతా, ఒక్క నిమిషం.

…చెప్పాను. ఇప్పుడు ఇంటి పక్కనుంచి నడుస్తున్నాడు. ఎదురింటివాళ్లు వరండాలోకొచ్చి మరీ చూస్తున్నారు. మెట్లెక్కుతున్నాడు… టోపీ తీశాడు.

ఉంటా మరి. తలుపు తియ్యాలి.